సంక్షేమ పథకాలు, ఓట్లు: మళ్ళీ మళ్ళీ అడిగే డౌట్లకి జవాబులు

ఎలక్షన్ దగ్గర పడినా, పెన్షన్ ఒక నెల లేటైనా, ఏదైనా పథకం పేరు మారినా మన వాళ్ళంతా అవే ప్రశ్నలు అడుగుతుంటారు. ప్రతిసారీ విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నా. ఎక్కువగా మన రెండు తెలుగు రాష్ట్రాల సంగతులే, అవసరమైన చోట బయటివి కూడా ఉన్నాయి. దేనికదే చదువుకోవచ్చు, వరసగా చదవాలని లేదు.

## ముందుగా, అసలు విషయం

పేదలకి మంచి చేస్తే దాన్ని కూడా రాజకీయం అంటారేంటి? ఇవ్వడమే తప్పా?

ఇవ్వడం తప్పు కానే కాదు. ముసలితనంలో, అనారోగ్యంలో, పని దొరకనప్పుడు ప్రభుత్వం ఆదుకోవాలని రాజ్యాంగం 41వ అధికరణలోనే ఉంది, బలహీన వర్గాల చదువు, ఆర్థిక ప్రయోజనాలు చూడమని 46 చెప్తుంది. కాబట్టి పెన్షన్ ఇవ్వడం ఏ పార్టీ దయా కాదు. రాజకీయం ఎక్కడ మొదలవుతుందంటే, ఆ ఇచ్చేదాన్ని ఎలా ఇస్తున్నారు అన్న దగ్గర. పథకానికి ఎవరి పేరు పెట్టారు, లిస్టు ఎవరి చేతిలో ఉంది, డబ్బు ఏ తేదీన పడుతోంది, ఇంటికొచ్చి చేతిలో పెట్టే మనిషి ఎవరు, ఈ నాలుగూ గమనిస్తే చాలు, పథకం ఏదైనా, పార్టీ ఏదైనా లెక్క తెలిసిపోతుంది. ఒకే పథకం ఒక ముసలమ్మకి మందుల ఖర్చూ అవుతుంది, ఒక నాయకుడికి ఓటు పెట్టుబడీ అవుతుంది, రెండూ నిజమే. రెండోదాన్ని ప్రశ్నిస్తే మొదటిదానికి అడ్డుపడుతున్నట్టు కాదు.

ఇదంతా ఎన్టీఆర్ రెండు రూపాయల బియ్యంతోనే మొదలైందా?

ఎన్నికల్లో బియ్యం హామీ అంతకుముందే ఉంది. 1967లో తమిళనాట అన్నాదురై రూపాయికి పడి (అక్కడి కొలత) బియ్యం అన్నారు, 1982లో ఎంజీఆర్ మధ్యాహ్న భోజనాన్ని పెద్ద ఎత్తున మొదలుపెట్టారు. మన దగ్గర జరిగిన విశేషం ఇంకోటుంది, అది చాలామంది మర్చిపోయారు. ఎన్టీఆర్ ఊరూరా తిరిగి కిలో రెండు రూపాయలు అని చెప్తుంటే, అప్పటి ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి ఎలక్షన్ ముందే కిలో రూపాయి తొంభై పైసలకి ఇచ్చేశారు. అంటే పది పైసలు ఇంకా తక్కువకి, హామీ కూడా కాదు, చేతికి బియ్యమే. అయినా 1983 జనవరిలో తెలుగుదేశానికి 200కు పైగా సీట్లొచ్చాయి. ఈ రోజుకీ ఏ ఊళ్ళో పెద్దవాళ్ళని అడిగినా రెండు రూపాయల బియ్యం అనగానే ఎన్టీఆర్ అనే అంటారు, కోట్ల పేరు ఎవరూ ఎత్తరు.

దీన్నిబట్టి నాకు అర్థమయ్యేది, జనం ధర ఒక్కటే చూడలేదు. ఎవరు ముందు అన్నారు, ఎవరు భయపడి ఇచ్చారు అన్నది కూడా చూశారు. అప్పట్నుంచి మన పార్టీలన్నీ పక్కవాడికంటే ముందే ప్రకటించాలి, పథకం తన పేరుతో జనం నోట్లో నానాలి అని పోటీ పడుతున్నాయి. 1994లో కూడా అదే బియ్యం, దానికి తోడు మద్య నిషేధం.

పథకాలన్నీ ఆడవాళ్ళ పేరు మీదే ఎందుకు పెడుతున్నారు?

దీనికి మంచి కారణం ఉంది, రాజకీయ కారణమూ ఉంది. మంచి కారణం అందరికీ తెలిసిందే, ఆడవాళ్ళ చేతికొచ్చిన డబ్బు పిల్లల ఫీజుకి, గ్యాస్‌కి, ఇంటికి వెళ్తుంది.

రాజకీయ కారణానికి మాత్రం కాస్త వెనక్కి వెళ్ళాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు, రోశమ్మ గారి పేరు అక్కడ్నుంచే అందరికీ తెలిసింది. రాత్రి బడిలో చదువు కోసం కూర్చున్న ఆడవాళ్ళు ఒక ఉద్యమం నడిపి, చివరికి 1995లో మద్య నిషేధం తెచ్చే దాకా ప్రభుత్వాన్ని నెట్టారు. ఆడవాళ్ళు గుంపుగా కదిలితే ఏమవుతుందో పార్టీలకి అప్పుడు బాగా అర్థమైంది. తర్వాత డ్వాక్రా సంఘాలు ఊరూరా పెరిగాయి. పది, పదిహేను మంది ఒక గ్రూపు, నెలకో మీటింగ్, ఒక లీడరమ్మ, పైన గ్రామ సంఘం, దానిపైన మండల సమాఖ్య. ఏ పార్టీ కూడా సొంత డబ్బుతో ఇంత పక్కా నెట్‌వర్క్ కట్టుకోలేదు. అందుకే ఏ ముఖ్యమంత్రి సభ జరిగినా ముందు బస్సులు వెళ్ళేది సంఘం వాళ్ళ దగ్గరికే. సభకి రాకపోతే లోన్ దగ్గర ఇబ్బంది పెడతారేమో అన్న భయంతో వెళ్ళే అక్కచెల్లెళ్ళు ఉన్నారు, ఏ ప్రభుత్వం ఉన్నా ఉన్నారు. నాకు దీంట్లో అన్నిటికంటే బాధనిపించేది అదే, సారా దుకాణం మూయించిన అదే ఆడవాళ్ళ బలాన్ని కుర్చీలు నింపడానికి వాడుకోవడం.

## లిస్టు దగ్గర, పంపిణీ దగ్గర

మా పేరు లిస్టులో లేదు, అవతలి పార్టీ వాళ్ళమనే తీసేశారా?

అయ్యుండొచ్చు, కాకపోనూవచ్చు, ముందు కారణం అడగండి. ఆంధ్రలో 2014 తర్వాత జన్మభూమి కమిటీలు ఉండేవి, పెన్షన్ లిస్టుల్లో వాళ్ళ మాట నడిచేది, ఊళ్ళల్లో ఎవరు ఎవరి మనిషో అందరికీ తెలుసు కాబట్టి అక్కడ పక్షపాతం కళ్ళకి కనిపించేది. 2019 తర్వాత వచ్చిన ఆరు అంచెల వడపోత వేరే రకం. నెలకి కరెంటు 300 యూనిట్లు దాటకూడదు, నాలుగు చక్రాల బండి ఉండకూడదు (టాక్సీ, ట్రాక్టర్, ఆటోలకి మినహాయింపు), మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాల లోపు ఉండాలి, ఇంట్లో ఇన్‌కమ్ టాక్స్ కట్టేవాళ్ళు ఉండకూడదు, ఇలా. ఇక్కడ మనిషి కక్ష కంటే కంప్యూటర్ తప్పులే ఎక్కువ, ఒకే ఆధార్‌కి నాలుగు మీటర్లు తగిలించి ఉంటే అద్దెకున్నవాళ్ళ కరెంటు కూడా మీ లెక్కలోకే వస్తుంది. అందుకని ఏ రూల్ కింద తీసేశారో మీ గ్రామ, వార్డు సచివాలయంలో రాతపూర్వకంగా తీసుకోండి.

ఒక్కటి మాత్రం ఖాయం, పథకం అందరికీ వర్తించేది అయితే లిస్టు పట్టుకునే మనిషికి విలువ ఉండదు. ఎంతమందికి ఇవ్వాలో కోటా పెట్టి, ఎవరికివ్వాలో లోకల్ వాళ్ళకి వదిలేసిన పథకంలోనే తిరగడాలు, బతిమాలడాలు ఉంటాయి.

వాలంటీర్లు ప్రభుత్వ మనుషులా, పార్టీ మనుషులా?

కాగితం మీద వీళ్ళు ఆంధ్ర ప్రభుత్వం నియమించిన సేవకులుగా ఉండేవాళ్ళు. 2019 ఆగస్టు 15న ఈ వ్యవస్థ మొదలైంది, ఊళ్ళల్లో 50 ఇళ్ళకి ఒకరు, నెలకి 5 వేల గౌరవ వేతనం, మొత్తం దాదాపు 2.6 లక్షల మంది. ఒకటో తారీఖు తెల్లారేసరికి తలుపు కొట్టి, మంచం మీద ఉన్న తాత దగ్గరికే మిషన్ తీసుకెళ్ళి వేలిముద్ర వేయించుకుని, పడకపోతే తడిగుడ్డతో వేలు తుడిచి మళ్ళీ వేయించి డబ్బు చేతిలో పెట్టేవాళ్ళు. ఈ సేవని చిన్నచూపు చూడకూడదు, అంతకుముందు అదే తాత పంచాయతీ ఆఫీసు మెట్ల మీద పొద్దున్నుంచి కూర్చునేవాడు.

కానీ ఆ 50 ఇళ్ళల్లో ఎవరికి ఏ జబ్బు, ఎవరికి ఎంత భూమి, ఏ పథకం అందుతోంది అన్నీ ఆ ఒక్క మనిషికి తెలుసు, తలుపు కొడితే లోపలికి రానిస్తారు. ప్రచారానికి ఇంతకంటే ఇంకేం కావాలి? వీళ్ళల్లో చాలామంది మా కార్యకర్తలే అని అప్పటి అధికార పార్టీ నాయకులే కొందరు సభల్లో చెప్పారు. 2024 మార్చి చివర్లో ఎన్నికల సంఘం వాలంటీర్లతో డబ్బు పంచించొద్దని ఆపేసింది. ఆ ఏప్రిల్‌లో పెన్షన్లు సచివాలయాల దగ్గరికి మారి ముసలివాళ్ళు మండుటెండలో లైన్లలో నిలబడ్డారు. తప్పు మీదంటే మీదని రెండు వైపులా తిట్టుకున్నారు, ఎండలో నిలబడ్డవాళ్ళకి నీళ్ళు, కుర్చీ ఎవరూ వేయని ఊళ్ళూ ఉన్నాయి. వేల మంది వాలంటీర్లు రాజీనామా చేసి వైసీపీ ప్రచారంలో తిరిగారు. ఉగాది రోజున చంద్రబాబు గారు వాలంటీర్లకి 10 వేలు ఇస్తామన్నారు, గెలిచాక ఆ వ్యవస్థే కొనసాగలేదు. ఇప్పుడు పెన్షన్ సచివాలయ ఉద్యోగులు ఇంటికి తెచ్చిస్తున్నారు. దీన్నిబట్టి ఒక విషయం తేలిపోయింది, ఇంటికి తెచ్చివ్వడానికి పార్టీకి దగ్గరైన మనిషే అక్కర్లేదు.

డబ్బు నేరుగా ఖాతాలో పడిపోతోంది, మధ్యలో ఎవరూ లేరు, ఇంకా రాజకీయం ఎక్కడుంది?

మధ్యలో ఉన్న పది మంది పోయి పైన ఒక్కరే మిగులుతారు, రాజకీయం అక్కడికి మారుతుంది. బటన్ నొక్కడం అన్న మాట మనకి అలవాటైపోయింది కదా, స్టేజీ మీద ముఖ్యమంత్రి బటన్ నొక్కుతారు, సాయంత్రానికి మెసేజ్ వస్తుంది. డబ్బు ఖజానాది అయినా జనం మనసులో ఇచ్చింది ఆ ఒక్క మనిషే అని పడాలన్నది ఆ ఏర్పాటు. ఢిల్లీది కూడా ఇదే పద్ధతి, పీఎం కిసాన్ కింద ఏడాదికి మూడుసార్లు 2 వేలు ప్రధాని సభ పెట్టి మరీ విడుదల చేస్తారు.

దీనికి ఇంకో కోణం ఉంది. ఖాతాలో పడే డబ్బు వల్ల లంచం తగ్గింది, అది పెద్ద మేలు, కాదనను. కానీ సర్పంచి, ఎంపీటీసీ, ఆఖరికి ఎమ్మెల్యే కూడా ఊళ్ళో ఎందుకూ పనికిరాని మనుషులయ్యారు. రోడ్డు గుంతకి వాళ్ళనే అడుగుతారు, పథకం క్రెడిట్ మాత్రం పైకి పోతుంది. వైసీపీ కార్యకర్తలు ఐదేళ్ళు ఇదే గొణిగారు, మాకు ఊళ్ళో విలువ లేకుండా పోయిందని. ఎలక్షన్ రోజు బూత్ దగ్గర నిలబడాల్సింది వాళ్ళే కదా.

బియ్యం సంచి మీద, పాస్‌బుక్ మీద నాయకుల ఫొటోలు వేయొచ్చా?

ప్రభుత్వ ప్రకటనల్లో ఎవరి ఫొటోలు ఉండొచ్చో సుప్రీంకోర్టు 2015లో చెప్పింది, ముందు రాష్ట్రపతి, ప్రధాని, ప్రధాన న్యాయమూర్తి వరకే అంది, 2016లో ముఖ్యమంత్రులు, గవర్నర్లు, మంత్రులకి కూడా ఒప్పుకుంది. కాబట్టి ఫొటో వేయడమే చట్టవిరుద్ధం అనలేం. పార్టీ రంగులు మాత్రం వేరే. పంచాయతీ భవనాలకి పార్టీ రంగులు వేస్తే ఏపీ హైకోర్టు తీసేయమంది, 2020 జూన్‌లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది.

2022 సెప్టెంబరులో కామారెడ్డి జిల్లా బీర్కూర్‌లో రేషన్ షాపుకి వచ్చిన కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్, ఇక్కడ ప్రధాని ఫొటో ఎందుకు లేదని కలెక్టర్‌ని అందరి ముందూ నిలదీశారు, బియ్యంలో కేంద్రం వాటా ఎంతో, రాష్ట్రం వాటా ఎంతో చెప్పమన్నారు. మర్నాడే టీఆర్ఎస్ వాళ్ళు గ్యాస్ సిలిండర్లకి మోదీ ఫొటో అంటించి ధర 1105 అని రాసి తిప్పారు. కిలో బియ్యంలో ఎవరి రూపాయి ఎంత అన్నది రెండు ప్రభుత్వాలూ బోర్డు మీద రాసి పెడితే మంచిది, ఫొటో కంటే ఆ లెక్కే మనకి పనికొస్తుంది. ఆంధ్రలో పొలం పాస్‌బుక్ మీద అప్పటి ముఖ్యమంత్రి జగన్ ఫొటో వేయడం మాత్రం నాకు ఏ కోణంలోనూ అర్థం కాలేదు. తాతల నాటి భూమి అది, అందులో ప్రభుత్వం ఇచ్చింది ఏముంది? రైతులకి కోపం రావడంలో న్యాయం ఉంది, ఇప్పుడు ఆ చోట రాజముద్ర వేస్తున్నారు.

## ఎలక్షన్ టైంలో

పోలింగ్‌కి ముందు ఖాతాల్లో డబ్బు వేస్తే గెలిచేస్తారు కదా?

అలా అనుకున్నవాళ్ళు గట్టిగా దెబ్బ తిన్నారు. 2019లో పసుపు కుంకుమ కింద 90 లక్షలకు పైగా డ్వాక్రా మహిళలకి తలా 10 వేలు, 2500, 3500, 4 వేలుగా మూడు చెక్కులు, ఫిబ్రవరిలో ఒకటి, మార్చిలో ఒకటి, ఏప్రిల్ మొదటి వారంలో ఒకటి. ఏప్రిల్ 11న పోలింగ్. తెలుగుదేశానికి వచ్చినవి 23 సీట్లు. ఎందుకంటే 2014లో డ్వాక్రా రుణాలు మాఫీ అన్నారు, ఐదేళ్ళు వడ్డీలు పెరిగాయి, చివర్లో వచ్చిన చెక్కు వాళ్ళకి కానుకలా కాకుండా పాత బాకీలా కనిపించింది.

హుజూరాబాద్ ఇంకా స్పష్టం. 2021లో కేసీఆర్‌తో విడిపోయిన ఈటల రాజేందర్ రాజీనామాతో ఉపఎన్నిక వచ్చింది, ఆగస్టు 16న కేసీఆర్ అక్కడే దళిత బంధు మొదలుపెట్టారు, కుటుంబానికి 10 లక్షలు, ఆ ఒక్క నియోజకవర్గానికే దాదాపు 2 వేల కోట్లు. అక్టోబరులో ఎన్నికల సంఘం ఆపింది. ఈటల 23 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. దళిత బంధు ఆలోచన చిన్నది కాదు, ఒక కుటుంబం సొంత కాళ్ళ మీద నిలబడేంత సొమ్ము అది, దాన్ని ఉపఎన్నికకి ముడిపెట్టి పథకానికే చెడ్డ పేరు తెచ్చారు.

మహారాష్ట్రలో మాత్రం రివర్స్. 2024 లోక్‌సభ ఎన్నికల్లో దెబ్బ తిన్న అధికార కూటమి జూలైలో ఆడవాళ్ళకి నెలకి 1500 మొదలుపెట్టి నవంబరులో 288కి 230 పైన గెలిచింది. అక్కడ పాత బాకీ లేదు, వరసగా నెలలు పడ్డాయి, గెలిపిస్తే పెంచుతామన్నారు. అంటే డబ్బుతో పాటు నమ్మకం కూడా ఉంటే పని చేస్తుంది, అది కూడా ప్రతిసారీ కాదు.

కోడ్ వచ్చాక పథకాలు ఆపేయాలా?

ముందు నుంచి నడుస్తున్నవి నడవొచ్చు, కొత్తవి మొదలుపెట్టకూడదు, కొత్త లబ్ధిదారులని చేర్చకూడదు, పంపిణీని ప్రచారంగా వాడకూడదు. 2023 నవంబరులో తెలంగాణలో రైతు బంధు వేసుకోవచ్చని ఎన్నికల సంఘం ముందు అనుమతించింది, హరీశ్‌రావు గారు సభలో ఫలానా రోజు డబ్బులు పడతాయి అని చెప్పేసరికి 27న ఆ అనుమతి వెనక్కి తీసుకుంది. 30న పోలింగ్. కోడ్‌కి ముందే మొదలెట్టేస్తే మాత్రం ఎవరూ ఏమీ అనలేరు. పీఎం కిసాన్ 2019 ఫిబ్రవరి 24న మొదలైంది, అది కూడా వెనక డిసెంబరు నుంచి వర్తించేలా, మార్చి 10న కోడ్ వచ్చింది.

మేనిఫెస్టోలో ఉచితాలు ప్రకటించడం లంచం కిందికి రాదా?

రాదని 2013 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. తమిళనాడు కలర్ టీవీలు, మిక్సీల మీద సుబ్రమణియం బాలాజీ వేసిన కేసు అది. ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ ప్రకారం మేనిఫెస్టో హామీ అవినీతి చర్య కాదు, కానీ ఉచితాలు ఎన్నికల స్వేచ్ఛని ఊపేస్తాయి కాబట్టి మార్గదర్శకాలు పెట్టమని ఎన్నికల సంఘానికి చెప్పింది. హామీకి డబ్బు ఎక్కణ్ణించి తెస్తారో సూచించాలని ఆ మార్గదర్శకాల్లో ఉంది, మన పార్టీల మేనిఫెస్టోలు తిరగేయండి, ఆ పేజీ ఎక్కడైనా దొరుకుతుందేమో చూడండి. 2022లో విషయం మళ్ళీ ముగ్గురు జడ్జీల బెంచికి వెళ్ళింది.

డబ్బు తిని వేరే పార్టీకి ఓటేయడం నమ్మకద్రోహం కాదా?

కాదు. ఆ డబ్బు పార్టీ జేబులోది కాదు. పెన్షన్ తీసుకున్న అవ్వ ఎవరికీ బాకీ లేదు, ఓటు ఎవరికి వేసిందో ఎవరికీ చెప్పక్కర్లేదు కూడా. ఓడిపోయాక జనాన్ని విశ్వాసం లేనివాళ్ళని తిట్టే పోస్టులు చూసినప్పుడల్లా మనసు మండిపోతుంది, ఇచ్చింది హక్కు అని చెప్పుకుని ఓడగానే అప్పులా అడుగుతారేంటి?

## గెలిచాక, ఓడాక

ఇంతింత ఇచ్చి కూడా జగన్ 11కి, కేసీఆర్ 39కి ఎలా పడిపోయారు?

జనం పథకంతో పాటు మిగతా జీవితం కూడా చూశారు కాబట్టి. ఆంధ్రలో 2019లో 151 సీట్లు, 2024లో 11, కానీ ఓట్లు దాదాపు 40 శాతం ఉన్నాయి, అంటే పథకాల వల్ల కదలని ఓటు కొంత నిజంగానే ఉంది. కదిలిన ఓటు ఎందుకు కదిలింది అంటే ఊరికో కారణం చెప్తారు, మందు ధర, ఇసుక, ఉద్యోగాలు, రాజధాని, భూహక్కు చట్టం మీద భయం. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కుంటున్నారు అన్న మాట 2024లో ఎక్కడ కూర్చున్నా వినిపించింది.

తెలంగాణలో రైతు బంధు 2018 మేలో ఎకరాకి 4 వేలతో మొదలై డిసెంబరు ఎలక్షన్‌లో 88 సీట్లు తెచ్చిపెట్టిన వాటిలో ఒకటి. కానీ అది పట్టా ఉన్నవాళ్ళకే, ఎన్ని ఎకరాలుంటే అంత. సాగు చేసేది కౌలు రైతు, డబ్బు పడేది హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న పట్టాదారు ఖాతాలో. నాగలి పట్టినోడికి రూపాయి రాకుండా పక్కింటి ఆసామికి లక్షలు పడితే ఆ పథకం ఓట్లు తెచ్చినట్టే కోపం కూడా తెస్తుంది. 2023లో కాంగ్రెస్ కౌలు రైతులకీ ఇస్తామని చెప్పి ఆ కోపాన్ని పట్టుకుంది, అధికారంలోకి వచ్చాక ఆ మాట ఎంతవరకు నిలబెట్టుకుంది అన్నది ఇప్పుడు కౌలు రైతులే అడుగుతున్నారు.

ప్రభుత్వం మారగానే పథకం పేర్లు ఎందుకు మారుస్తారు?

జ్ఞాపకం తుడిచేయడానికి. ఎన్టీఆర్ భరోసా వైఎస్సార్ పెన్షన్ కానుక అయ్యింది, మళ్ళీ ఎన్టీఆర్ భరోసా అయ్యింది. అమ్మ ఒడి పోయి తల్లికి వందనం వచ్చింది. పేరు మారితే బోర్డుల ఖర్చుతో పోతుంది, అసలు పథకమే ఆపేస్తే పేదవాడి కడుపు మీద కొట్టినట్టు. అన్న క్యాంటీన్లు 2018లో పెట్టారు, 2019లో ప్రభుత్వం మారాక మూతపడ్డాయి, 2024 ఆగస్టులో తెరిచారు. ఆ ఐదేళ్ళు 5 రూపాయల భోజనం మీద బతికే హమాలీ, ఆస్పత్రిలో రోగికి తోడుగా వచ్చినవాళ్ళు ఎక్కడ తిన్నారో ఎవరూ లెక్క తీయలేదు. ఆరోగ్యశ్రీ మాత్రం 2007 నుంచి ఎన్ని పేర్లు మారినా పోలేదు, ఎందుకంటే ఆపరేషన్ చేయించుకున్న మనిషి ప్రతి ఊళ్ళో ఉన్నాడు, దాన్ని ఆపే ధైర్యం ఎవరికీ లేదు.

టాక్స్ కట్టేది మేము, తినేది వాళ్ళు. ఇది న్యాయమా?

సబ్బు కొన్నా, చెప్పులు కొన్నా, సెల్‌ఫోన్ రీఛార్జి చేసినా కూలి మనిషి కూడా జీఎస్టీ కడుతున్నాడు, మద్యం మీద రాష్ట్రాలకి వచ్చే రాబడిలో పేదవాళ్ళ జేబుదీ ఉంది. అప్పుల గురించి అడగండి, తప్పకుండా అడగాలి, కానీ అన్నీ కలిపి అడగండి. కంపెనీలకిచ్చే రాయితీలు, కాంట్రాక్టుల అంచనాలు పెంచడాలు ఏవీ పట్టించుకోకుండా ముసలమ్మ పెన్షన్ దగ్గరే లెక్క గుర్తొస్తే అది లెక్క కాదు.

ఏ పార్టీ వచ్చినా ఆగకుండా ఉండాలంటే పథకం ఎలా ఉండాలి?

చట్టంగా ఉండాలి, అందరికీ వర్తించాలి, లెక్క ఊరి ముందు చదవాలి. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైనప్పుడు వచ్చిన తేడా ఇదే, పని అడిగితే 15 రోజుల్లో ఇవ్వాలి, లేకపోతే భృతి ఇవ్వాలి, అడగడానికి ఏ నాయకుడి లెటరూ అక్కర్లేదు. దాని మీద మన దగ్గర నడిచిన సామాజిక తనిఖీ దేశమంతా వచ్చి చూసి నేర్చుకుంది. కూలీల పిల్లలే టీమ్‌గా వచ్చి మస్టరు రోల్ (హాజరు పట్టీ) పట్టుకుని ఇంటింటికీ తిరిగి, నువ్వు ఈ వారం ఎన్ని రోజులు పనికెళ్ళావు, చేతికి ఎంత వచ్చింది అని అడిగి రాసుకుని, మండలంలో అందరి ముందూ పైకి చదివేవాళ్ళు. చనిపోయినవాళ్ళ పేరు మీద కూలి తీసినవి, వేయని రోడ్లు అన్నీ అక్కడే బయటపడేవి. పెన్షన్లకీ, ఇళ్ళకీ, రైతు డబ్బులకీ ఇలాంటి తనిఖీ కావాలని మనం గట్టిగా అడగడం లేదు.

పెన్షన్ ఆగిపోయింది, లీడర్ దగ్గరికి వెళ్ళాలా, ఆఫీసుకి వెళ్ళాలా?

ఆఫీసుకి. లీడర్ ఫోన్ చేస్తే పని త్వరగా అవ్వొచ్చు, కానీ వచ్చే నెల మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్ళాలి. ఆధార్, పాత పెన్షన్ ఐడీ, బ్యాంకు పుస్తకం జిరాక్సులు పెట్టి ఏపీలో సచివాలయంలో, తెలంగాణలో ఎంపీడీఓ లేదా మున్సిపల్ ఆఫీసులో అర్జీ ఇవ్వండి, నోటి మాటగా వద్దు. అక్కడ తేలకపోతే సోమవారం కలెక్టరేట్లో అర్జీలు తీసుకుంటారు. అప్పటికీ కదలకపోతే సమాచార హక్కు కింద నా పేరు ఏ కారణంతో, ఏ తేదీన, ఎవరి సంతకంతో తీసేశారు అని మూడు ప్రశ్నలు రాసి ఆ స్థాయి ఆఫీసుకి ఉన్న ఫీజుతో పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఎక్కడ ఏ కాగితం ఇచ్చినా తేదీ వేసిన రశీదు తీసుకున్నాకే బయటికి రండి.